కారెక్కని మల్లేశం బావ

మా మల్లేశం బావ పోయాడన్న పిడుగువార్త నాకు ఉప్పల్ చౌరస్తాలో, ఒక యుగం నుంచి చక్రం కదలని ఆటోలో అందింది. దిగ్భ్రాంతి చెందాను. పోయాడన్నందుకు కాదు, పోయిన తీరుకు. ఎర్ర దీపాన్ని దీపావళి అలంకారంగా భావించే వాహనాల మధ్య జీవితమంతా రోడ్డు దాటిన మహావీరుడు, ఇంట్లో తన కుర్చీలో కూర్చుని, టీ తాగుతూ తల వాల్చేశాడట! ఈ మహానగరంలో పాదచారికి సహజ మరణమా? చెబితే ఎవడు నమ్ముతాడు?

బావ మా అక్క భర్త. నాచారం పాతూరి రైతుకుటుంబంలో పుట్టి, అక్కడి పారిశ్రామికవాడలో ఒక కార్ఖానా స్టోర్సు చూసి రిటైరయ్యాడు. ఆయన స్థిరచరాస్తులు రెండు కాళ్లు, ఒక బస్‌పాస్, కార్లున్నవాళ్లంటే సముద్రమంత చులకన. "కారంటే ఏంది బామ్మర్దీ? నడిరోడ్డు మీద ఏసీ వెట్టిన అర్ర. అర్రల గూసునేటోడు ఇంట్లనే గూసోరాదా?" అనేవాడు. ఈ నిర్వచనాన్ని ఖండించగల పండితుడు నాకింతవరకు తారసపడలేదు.

ఫుట్‌పాత్ అనే పదార్థం మా వైపు పురాణాల్లో మాత్రమే కనిపిస్తుంది గనుక బావ రోడ్డు మీదే నడిచేవాడు. ఒకనాడు రైలుపెట్టెంత కారొకటి వెనక నిలిచి, ఏనుగుల గుంపులా ఘీంకరించింది. బావ తాపీగా వెనుదిరిగాడు. "ఏం తమ్మీ, గిది మా తాత జొన్నచేను. మా చేన్ల నిలవడి నన్నే జరుగమంటవా?" హారన్ తప్ప వేరే భాష రాని ఆ జీవి అద్దం దించి, బావను ఎగాదిగా చూసి, అద్దం ఎత్తేసుకుంది. జొన్నచేను దాకా వెళ్లిన చదువు కాదు పాపం.

అల్లుడు సతీష్‌ది చెంగిచెర్ల. వాడికో కారుంది. కాదు, ఆ కారుకు వాడున్నాడు. దాన్ని కడుగుతాడు, తుడుస్తాడు, ఎండ తగలకుండా దుప్పటి కప్పుతాడు. కన్నబిడ్డకు అంత సేవ జరిగినట్టు నాకు తెలియదు. మల్కాజిగిరిలో పెళ్లికి వాడు కారులోనూ, బావ బస్సులోనూ ఒకేసారి బయలుదేరారు. వాడు కారు పెట్టడానికి చోటు వెతుక్కుంటూ దాదాపు సొంతూరి దాకా వెనక్కి వెళ్లి, అక్కడ దాన్ని నిలిపి, ఆటోలో తిరిగొచ్చేసరికి బావ భోజనం ముగించి, పళ్లు కుట్టుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. "రా అల్లుడా, జర జల్ది రా, పెరుగుకన్న అందినవ్!"

బావ చెవికి ఒకే మంత్రం పనిచేసేది: బస్సొచ్చింది. ఆ మాట వినిపిస్తే సగం తాగిన టీ వదిలేసేవాడు, సగం చెప్పిన తిట్టు కూడా వదిలేసేవాడు. గుండెకు స్టెంటు వేసిన మర్నాడు దవాఖానాలో ఎవరో ఫోనులో "బస్సొచ్చింది" అన్నారు. మత్తులో ఉన్నవాడు సెలైన్ సీసాతో సహా లేచి నిలబడ్డాడు. మళ్లీ పడుకోబెడుతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. "నాకేమన్న అయితే నన్ను బండెక్కియ్యొద్దు బామ్మర్దీ. నలుగురు మోసుకపోండ్రి, సాలు." సరేనని మాటిచ్చాను.

ఆ మాట నిలుపుకుందామని వెళ్లేసరికి వాకిట్లో అద్దాల శవవాహనం ఉంది, ఏసీతో సహా. సతీష్ తెప్పించాడు. "నలుగురు మోసుకపోవాలన్నడురా బావ," అన్నాను. "గీ ఎండలనా? ఎవరు మోస్తరు మామా? అందరికి మోకాళ్ల నొప్పులే," అన్నాడు. చూశాను. నిజమే. వచ్చిన బంధువర్గమంతా కార్లలోంచి దిగడానికే చేయూత కోరుతోంది. బావను ఎక్కించారు. జీవితమంతా తిరస్కరించిన చల్లటి అర్రలో, కాదనలేని స్థితిలో, బావ పడుకున్నాడు. నా మాట నీళ్లపాలైంది.

వాహనం సందు మొదట్లోకి వెళ్లి ఆగిపోయింది. ట్రాఫిక్ ఎవరిది? మాదే! మనిషికొక కారు చొప్పున తెచ్చిన దుఃఖితులు సందు రెండు వైపులా బిగుసుకుపోయారు. ఏడుపులకంటే హారన్లు ఎక్కువ మోగాయి. బావ చావుకు వచ్చినవాళ్లు బావ శవానికే హారన్ కొట్టారు!

శవవాహనంలోంచి మా అక్క కిందికి దిగింది.

"దింపుండ్రి. ఈ మనిషి జిందగీల ఏ కారును జూసి ఆగలె. గిప్పుడు ఆగుతడా?"

పాడె దిగింది. నేనొక భుజం పట్టాను. ఇద్దరు కార్ఖానా స్నేహితులు వెనక పట్టారు. నాలుగో కొస ఖాళీగా ఉంటే, నడిసందులో కారు వదిలేసి, సతీష్ పరుగెత్తుకొచ్చాడు.

"తాళం దానికే ఉన్నదిరా!" అన్నాను.

"ఉండనియ్ మామా. ఎవడు తీస్కపోతడు? ఎటు తీస్కపోతడు?"

వాడి వంశంలో తొలిసారి జ్ఞానోదయం కలిగింది. కార్ల సందుల్లోంచి, అద్దాలకు మా మోచేతులు రాసుకుంటూ, ఒక్కచోటా ఆగకుండా బావ ముందుకు సాగిపోయాడు.

సగం దారిలో దింపుడు కళ్లం. పాడెను కిందికి దించి, ప్రాణం ఎక్కడైనా దాక్కుందేమోనని చెవిలో మూడుసార్లు పిలవడం మా ఆచారం. బస్టాపు దగ్గర దించాం. అక్క వంగి, "ఏమయ్యా," అని పిలిచింది. సతీష్ "మామా" అన్నాడు. మూడో పిలుపు నాది.

ఈ నగరానికి లక్షల కార్లున్నాయి. మల్లేశం బావ ఒక్కడే ఉండేవాడు. మళ్లీ అలాంటి కాళ్లు ఈ నేల మీద పుడతాయన్న ఆశ నాకు లేదు. పుట్టినా నిలబడటానికి చోటెక్కడిది? అందుకే ఉన్న ఆ ఒక్కడి కోసం మోకాళ్ల మీద కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి, గట్టిగా అన్నాను.

"బావా, బస్సొచ్చింది! సీట్లు ఖాళీగున్నయ్!"

అందరం ఆయన ముఖంలోకే చూస్తూ ఉండిపోయాం.

బావ లేవలేదు. అప్పుడు నమ్మాను.