రావులపాలెం సభకు చందువాల గంప

ఉదయం ఐదున్నరకు అల్లవరంలో బస్సెక్కాను. కోనసీమలో ఏ రోడ్డును రాష్ట్ర రహదారిగా ప్రకటించాలో తేల్చడానికి ఆ రోజు పదింటికి రావులపాలెంలో సభ ఉంది. ప్రతిపాదించిన రోడ్డు అమలాపురం దగ్గరే ఆగిపోయింది. అక్కణ్ణించి మా తీరం దాకా పొడిగించమని ఊరంతా సంతకాలు చేసి, బడిపంతులమ్మనని అర్జీ నా చేతికిచ్చారు.

పక్క సీట్లో చేపలమ్మే సత్తెమ్మ. ఆమె గంప బస్సు పైన ఉంది.

"సంతలో అమ్మేసి నేనూ సభకొస్తానండి టీచరమ్మగారూ," అంది.

అమలాపురంలో వేడి ఇడ్లీ తిని ఏడింటి బస్సుకు మారాం. ఈ దారిన వెళ్ళేవారు కిటికీ పక్కన కూర్చోండి. కాలువలూ కొబ్బరితోటలూ కళ్ళకు పండగే. కొత్తపేట దాటాక ఇరుకు వంతెన మీద అరటిగెలల లారీ ఎదురైంది. ఎవరు వెనక్కి వెళ్ళాలో తేలేసరికి గంటన్నర! పైనుంచి ఐసు నీళ్ళు కారుతుంటే సత్తెమ్మ మొహం మాడిపోయింది.

రావులపాలెంలో దిగేసరికి పది. అమ్మే వేళ లేక గంప నెత్తిన పెట్టుకునే సభలోకి వచ్చేసింది.

"ఏమిటమ్మా అది?" అన్నారు సభ నడిపే ఇంజనీరుగారు.

"చందువా చేపలండి. తెల్లారగట్ల అల్లవరంలో మెరిసిపోయేయండి. దారిలో వాడిపోయేయండి."

"మీ వైపు లారీలే తిరగడం లేదు కదమ్మా, రహదారెందుకు!"

"రోడ్డుంటే కదండీ లారీలొచ్చేది!"

సభంతా నవ్వింది. ఆయనా నవ్వారు. "అయితే రహదారి మీ ఊళ్ళో అయిపోవాలంటావు."

"అయిపోవడవేంటండీ బాబూ! మాకాణ్ణించే మొదలవ్వాలండి."

ఆయన కాసేపు పటం చూసి, నా అర్జీ అందుకుని, ఎర్ర పెన్సిలుతో అమలాపురం నుంచి సముద్రం దాకా గీత గీశారు. "ఇలాగే ప్రకటించమని రాస్తాను," అన్నారు. తర్వాతి వేసవికి ఆ ప్రకటన వచ్చింది కూడా.

సభ నుంచి బయటికొచ్చినవాళ్ళే చేపలన్నీ కొనేశారు. కడుపునిండా భోంచేసి, చెరో అత్తం చక్కెరకేళీ అరటిపళ్ళు కొనుక్కుని రెండింటి బస్సెక్కాం. బస్సు ఆగిన ప్రతిచోటా, రహదారి సముద్రం దాకా వస్తుందని సత్తెమ్మ కిటికీలోంచి కేకేసింది. కొత్తపేటలో ఓ కొబ్బరి వ్యాపారి "నిజవేనండీ?" అంటూ బస్సు పక్కనే పరిగెత్తాడు.

"ఆయ్! నిజవేనండి!"

అమలాపురం చేరేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది. ఆపైన వచ్చిన ప్రతి ఊళ్ళోనూ తల బయటపెట్టి నేనే చెప్పాను. ఇన్నేళ్ళ ప్రయాణాల్లో, దిగాల్సిన ఊరు అప్పుడే వచ్చేసిందేమిటని అనిపించింది ఆ ఒక్కసారే.