రౌటర్ తెచ్చిన వేరు కాపురం

మా బావ నాతో నేరుగా మాట్లాడేవాడు కాదు. బావ అంటే నా భర్తకు అన్న. తమ్ముడి భార్యతో ముఖాముఖి మాట్లాడకపోవడం మర్యాద అని మా అత్తగారింట్లో అందరూ అనేవారు. నాకు చెప్పాల్సింది ఏదైనా ఉంటే, నేను ఎదురుగా నిలబడి ఉన్నా సరే, మా ఆయన వైపు తిరిగి "చెప్పు మీ ఆమెకు" అని మొదలుపెట్టేవాడు. మా ఆయన లేకపోతే అత్తమ్మ వైపు తిరిగేవాడు. అత్తమ్మ కూడా లేకపోతే ఎదురుగా ఉన్న మగ్గానికి చెప్పేవాడు. అది మర్యాద అని నేనెన్నడూ అనుకోలేదు. ఎదుటి మనిషిని లెక్కచేయకుండా ఉండటానికి అదొక వీలు, అంతే.

ఇల్లు గోడాదరా అనే మగ్గాల వాడలో. కింద పవర్‌లూమ్‌లు, వాటి పక్కన బావ కూర్చునే చిన్న ఆఫీసు గది. మధ్య అంతస్తులో అత్తమ్మ, మామ, బావ కుటుంబం. పై అంతస్తులో మేమిద్దరం. మామ తెలంగాణ నుంచి ఈ గుజరాతీల ఊరికి నేత పనికి వచ్చి, ఒక్కొక్క మగ్గమే కొనుక్కుంటూ కట్టిన ఇల్లది. మగ్గాల పని బావ, మా ఆయన చూసుకునేవారు, నేను చెయ్యలేదు. చీరల మీద ప్రింటుకు కంప్యూటర్‌లో డిజైన్లు వేస్తాను. పెళ్లికి ముందు నుంచీ బట్టల మార్కెట్లో ఒక సేట్ దగ్గర అదే ఉద్యోగం.

లాక్‌డౌన్ వచ్చి మగ్గాలు ఆగిపోయాయి. పనివాళ్లు దొరికిన బండి ఎక్కి ఊళ్లకు పోయారు. కింది నుంచి రాత్రింబవళ్లు వచ్చే చప్పుడు ఒక్కసారిగా లేకుండా పోయేసరికి ఇంట్లో ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. బావ ఆఫీసు గదిలో ఊరికే కూర్చుని ఫోన్‌లో వీడియోలు చూసేవాడు. నా పని మాత్రం ఆగలేదు. సేట్ ఆఫీసు ల్యాప్‌టాప్‌ను ఇంటికి తెచ్చుకోమన్నాడు. మార్కెట్ తెరిచిన రోజున కొత్త సరుకు సిద్ధంగా ఉండాలని ఆయన పట్టుదల. చీరకు జోడీగా మాస్కు కూడా అదే ప్రింటులో రావాలని కొత్త ఆలోచన ఒకటి. ఆ నెలల్లో ఇంట్లోకి కూరగాయలు, పాలు, గ్యాసు నా జీతంతోనే వచ్చాయి. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

చిక్కంతా ఇంటర్నెట్‌తో వచ్చింది. మా వాడలో కేబుల్ నడిపే అతనే నెట్ కూడా ఇచ్చేవాడు. అతను పెట్టిన డబ్బా కింద బావ ఆఫీసు గదిలో ఉండేది. దాని వైఫై మగ్గాల ఇనుమునూ, రెండు స్లాబులనూ దాటి మా గదిలోకి వచ్చేసరికి ఏమీ మిగిలేది కాదు. డిజైన్ ఫైళ్లు పెద్దవి, సగం పోయి ఆగేవి. రంగులు చూపించడానికి వీడియో కాల్ పెడితే సేట్ మాట ముక్కలు ముక్కలుగా వినిపించేది. చివరికి ల్యాప్‌టాప్ తీసుకుని మెట్ల మలుపులో కూర్చోవడం మొదలుపెట్టాను. అక్కడ కాస్త సిగ్నల్ ఉండేది. ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరూ నన్ను దాటుకుంటూ పోవాల్సి వచ్చేది.

ఒక పొద్దున అందరం చాయ్ తాగుతుంటే బావ అందుకున్నాడు.

"చెప్పు మీ ఆమెకు. మెట్ల మీద దుకాణం పెట్టొద్దని. వచ్చిపోయేటోళ్లు ఎట్ల నడవాలె?"

"పైన నెట్ వస్తలేదన్నా," అన్నాడు మా ఆయన. "కొత్త రౌటర్ తెచ్చుకుంటనంటున్నది. తన పైసలతోనే."

"తన పైసలు, నా పైసలు అని ఈ ఇంట్ల ఎన్నడన్న ఉండెనా? మగ్గాలు బందయ్యి మనం కూసుంటే, ఈమెకు డబ్బాలు కావాల్నట."

మామ తలెత్తలేదు. మా ఆయన చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. నాకు ఆ పూట బావ మీద కంటే ఆ గ్లాసు మీద ఎక్కువ కోపం వచ్చింది.

మర్నాడు కేబుల్ అతను వచ్చాడు. నేనే పిలిపించాను. మాస్కు గడ్డం కింద పెట్టుకుని, నేను చెప్పేది సగం విని, హిందీలో ఒకటే మాట అన్నాడు. తన లైన్ మీద తన డబ్బానే నడుస్తుందట, బయటి రౌటర్ తగిలిస్తే లైన్ కాలిపోతుందట. "మీ డబ్బాలో వైఫై ఆపేసి, అందులోంచి ఒక వైరు నా రౌటర్‌కు ఇవ్వండి చాలు. ఏదీ కాలదు," అన్నాను. అతను బావ వైపు చూశాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. అప్పటిదాకా ఒక మామూలు రౌటర్ తెచ్చుకుని సర్దుకుందామనుకున్నాను. ఆ నవ్వు చూశాక ఇక మామూలుది వద్దనుకున్నాను. చవకది తెచ్చి, అది పనిచేయకపోతే, బావ దాని గురించి మగ్గాలతో ఏడాదంతా మాట్లాడతాడు. ఆ అవకాశం అతనికి ఇవ్వదలుచుకోలేదు.

పని లేని వేళల్లో కూర్చుని రౌటర్ల గురించి చదివాను. రౌటర్ అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేసే వేగం మన చేతికి వచ్చే వేగం కాదని అర్థమైంది. రౌటర్ లోపల సిగ్నల్ పంపే రేడియోలన్నిటి వేగాన్నీ కలిపి వేస్తారు. యాంటెన్నాలు ఎన్ని ఉన్నా సిమెంటు స్లాబు ముందు పెద్దగా తేడా ఉండదు. మా లాంటి ఇంటికి కింద ఎంత గొప్ప రౌటర్ పెట్టినా లాభం లేదు. జంటగా వచ్చేవి కావాలి. ఒకటి కింద, ఒకటి పైన పెట్టి, రెండింటినీ వైరుతో కలపాలి. గాలిలో కలిసేలా కూడా పెట్టుకోవచ్చు కానీ, రెండు స్లాబుల మధ్య గాలిని నమ్మేదేముంది? అలాంటి జంటల్లో అన్నిటికంటే మంచిదనిపించిన ఒకటి ఎంచుకున్నాను. ఖరీదైనదే.

ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే మా సందు మొదట్లో కరోనా కట్టడికని వెదురు బొంగులు అడ్డంగా కట్టి ఉన్నాయని డెలివరీ అతను పెద్ద రోడ్డు మీది నుంచే వెనక్కి పోయాడు. నేను నడిచి వస్తానని చెబుతుండగానే ఫోన్ పెట్టేశాడు. ఆ వస్తువు అమ్మే వాళ్ల గురించి జనం రాసింది అప్పుడు తీరిగ్గా చదివాను. విప్పిన డబ్బాలు వచ్చాయని చాలామంది తిట్టారు. దుకాణంలో చేత్తో పట్టుకుని చూసి కొనడమే మేలనుకున్నాను.

ఆంక్షలు కాస్త సడలాక మా ఆయన స్కూటర్ మీద రింగ్ రోడ్డు వైపు ఒక కంప్యూటర్ల కాంప్లెక్సుకు పోయాం. దుకాణదారుడు నన్ను దాటి మా ఆయనతో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇంట్లో బావ ఒకడు చాలడా అనిపించింది. ఎర్ర లైట్లు వెలుగుతూ, ఒంటి నిండా యాంటెన్నాలతో ఉన్నదొకటి బల్ల మీద పెట్టి, "భాయ్, ఇదే టాప్. బిల్డింగ్ మొత్తం పట్టుకుంటుంది," అన్నాడు.

"అది వద్దు," అని నాకు కావలసిన దాని పేరు చెప్పాను. ఉందన్నాడు. లోపలి నుంచి ఒక డబ్బా తెప్పించాడు. దాని సీలు అప్పటికే కోసి, మళ్లీ టేపు అంటించి ఉంది. లోపలి వస్తువు తిప్పి చూశాను. అడుగున ఉన్న నంబరు ఒకటి, డబ్బా మీద ఉన్న నంబరు ఇంకొకటి.

"ఇది ఈ డబ్బాలోది కాదు," అన్నాను.

అతను మా ఆయనతో అన్నాడు, "మేడమ్‌కు మనుషుల మీద నమ్మకం తక్కువా భాయ్?"

"నన్ను అడగండి. కొనేది నేను. నంబరు కలవకపోతే సర్వీసు వాళ్లు వారంటీ ఇవ్వరు."

"వారంటీ నేనిస్తాను బెన్. పదేళ్లుగా ఇక్కడే ఉన్నాను." మేడమ్ కాస్తా బెన్ అయ్యింది, అంటే గుజరాతీలో అక్క.

"బిల్లు మీద ఈ నంబరు రాసి, సంతకం పెట్టి ఇవ్వండి."

అతను డబ్బా నా చేతిలోంచి లాక్కున్నాడు. "మీలాంటి గిరాకీ మాకు అక్కర్లేదు. వేరే చోట చూసుకోండి."

మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని లాగుతున్నాడు. "జర నడువు. లొల్లి వద్దు," అన్నాడు. చెయ్యి విడిపించుకున్నాను. దుకాణంలో ఇంకో ఇద్దరు గిరాకీలు ఉంటే వాళ్లకు వినపడేలా, కొనే ముందు నంబర్లు చూసుకోమని చెప్పి బయటికి వచ్చాను.

ఇంటికొచ్చి రౌటర్ కంపెనీకే ఫోన్ చేశాను. వాళ్లు తమ అసలు డీలర్ ఊరి బయట కామ్‌రేజ్ దగ్గర హైవే మీద ఉన్నాడని చెప్పారు. ఎండలో అంత దూరం పోయాం. అక్కడ అద్దాల షోరూమ్ ఏమీ లేదు, ఒక గోడౌన్, సగం దించిన షట్టర్. ప్లాస్టిక్ తెర వెనక ఒకామె కూర్చుని ఉంది. లోపలికి రావద్దని చేత్తో చెప్పింది. నేను మోడల్ పేరు చెప్పాను. సీలున్న డబ్బా తెచ్చి బల్ల మీదుగా కర్రతో నా వైపు నెట్టింది. నంబరు చూసుకోమని, బిల్లు మీద ఆ నంబరే వేసి ఇచ్చింది. ఒక్క నవ్వు లేదు, ఒక్క అదనపు మాట లేదు. ఆ నెలల్లో నన్ను మనిషిలా చూసిన మొదటి మనిషి ఆమె.

మా ఆయన ఒక రౌటర్ కింద, రెండోది పైన మా గది బయట స్టూలు మీద పెట్టి, మెట్ల పక్క గోడ వెంట వైరు లాగాడు. అంతవరకు అతన్ని తప్పుపట్టను. కేబుల్ అతనికి మళ్లీ ఫోన్ చేసి, చెప్పినట్టు చెయ్యకపోతే కనెక్షన్ మార్చుకుంటామన్నాను. మారు మాట్లాడకుండా వచ్చి వైఫై ఆపి, వైరు ఇచ్చిపోయాడు. లైన్ కాలలేదు. ఆ సాయంత్రం సేట్‌తో మొదలుపెట్టిన కాల్ చివరిదాకా తెగకుండా నడిచింది. ఆయన పసుపు రంగు కాస్త తగ్గించమని అడిగాడు, నేను అక్కడికక్కడే తగ్గించి చూపించాను. అదొక్కటే ఆ రోజుల్లో హాయిగా గుర్తున్న సాయంత్రం.

మధ్య అంతస్తులో కూడా సిగ్నల్ బాగా వచ్చేది. బావ వీడియోలు ఆగకుండా నడిచేవి. ఆ సంగతి ఎవరూ మాట్లాడలేదు.

కొన్ని వారాలయ్యాక, ఒక మధ్యాహ్నం, ప్రింటింగ్ మిల్లుకు ఫైళ్లు పంపుతుండగా నెట్ పోయింది. గది బయట చూస్తే స్టూలు మీద రౌటర్ లేదు, వైరు కింద పడి ఉంది. మధ్య అంతస్తుకు దిగాను. అది బావ పడకగదిలో టీవీ బీరువా మీద ఉంది. బావ మంచం మీద ఒరిగి టీవీలో సినిమా చూస్తున్నాడు. అత్తమ్మ గడప దగ్గర కూర్చుని బియ్యం ఏరుతోంది.

"అత్తమ్మా, నా రౌటర్ ఇక్కడికెందుకొచ్చింది?"

బావ అత్తమ్మతో అన్నాడు, "చెప్పు అమ్మా ఆమెకు. ఇది ఉమ్మడి ఇల్లు. వస్తువు నడుమ ఉంటే అందరికీ అందుతదని తెచ్చిన."

అప్పుడు నేను అతని వైపు తిరిగాను.

"బావా, నాతోని మాట్లాడు. నేనీడనే ఉన్న."

అతను లేచి కూర్చున్నాడు. పెళ్లయినప్పటి నుంచి నేను అతనితో అన్న మొదటి మాట అది.

"నా పని నడుస్తుంటె వైరు గుంజినవ్. చెప్పకుండ తెచ్చుకున్నవ్. నీ మగ్గం నడుస్తుంటె నేనొచ్చి కరెంటు బంద్ జేస్తె ఊకుంటవా?"

"ఏమే, ఎవనితోని మాట్లాడుతున్నవ్?"

"నీతోనే."

చప్పుడు విని మా ఆయన పరుగెత్తుకొచ్చాడు. బావ ఇప్పుడు అతని మీద పడ్డాడు. "మీ ఆమెను అదుపుల పెట్టుకో. లేకుంటె వేరు పోండ్రి. పైన ఊకనే ఉంటున్నరు, కిరాయి లేదు ఏం లేదు."

మా ఆయన నా వైపు చూశాడు. ఆ పొద్దున గ్లాసులోకి చూసినట్టే ఇప్పుడు నేల చూస్తాడనుకున్నాను. చూడలేదు. "సరేనన్నా, పోతం," అన్నాడు.

నేను బీరువా మీంచి రౌటర్ దింపుకున్నాను. బావ అడ్డం రాలేదు. గడప దాటుతుంటే అత్తమ్మ చేట పక్కకు జరిపి దారి ఇచ్చింది. "ఇద్దరూ ఇద్దరే," అంది. నన్ను ఆపలేదు, బావను తిట్టలేదు. అందుకు ఆమె మీద కూడా చాలాకాలం కోపం ఉంది నాకు.

ఊళ్లోనే ఇంకో వాడ ఉధ్నాలో రెండు గదుల ఇల్లు చూసుకుని నెల తిరక్కుండా మారిపోయాం. చిన్న ఇల్లు, జంటలో ఒకటే రౌటర్ చాలింది. రెండోది డబ్బాలో పెట్టేశాను. మా ఆయన మొదట్లో రోజూ పొద్దున గోడాదరా పోయి మగ్గాలు చూసి వచ్చేవాడు, తర్వాత ఉధ్నాలోనే ఒక మిల్లులో చేరాడు. నాకు సేట్ దగ్గర పని పెరిగింది.

రెండోసారి కరోనా విజృంభించినప్పుడు బావకు సోకింది. ఆసుపత్రిలో మంచం దొరకడానికి మా ఆయన ఊరంతా తిరిగాడు. నేను ఫోన్లు చేశాను, నాకు తెలిసిన వాళ్లందరినీ అడిగాను. సేట్‌కు తెలిసినవాళ్ల ద్వారా మంచం దొరికింది. అది నేను బావ కోసం చెయ్యలేదు. మా ఆయన ముఖం చూడలేక చేశాను. బావ బతికి ఇంటికొచ్చాడు. మా ఆయనకు ఫోన్ చేసి ఏడ్చాడు. మంచం ఎవరి వల్ల దొరికిందో అతనికి తెలుసు. నా గురించి అడగలేదు, నాకు ఫోన్ ఇవ్వమనలేదు.

కాస్త కోలుకున్నాక మొక్కు తీర్చుకుంటూ గోడాదరా ఇంట్లో భోజనాలు పెట్టారు. అత్తమ్మ ఫోన్ చేసి మమ్మల్నిద్దరినీ రమ్మంది.

"పోదాం," అన్నాడు మా ఆయన. "చావు దాకా పోయొచ్చిండు. ఇంకేం ఉంటది మనసుల?"

"రమ్మని మీ అన్ననే చెప్పమను. నాకు చెప్పమను."

"గిట్లయితే ఎట్ల? పెద్దోడు గదా."

"నువ్వు పో. నేను నిన్ను ఆపుతలేను."

అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పులేసుకుని పోయాడు. నేను తలుపు వేసుకుని, పండగ సరుకుకు వెయ్యాల్సిన అంచుల డిజైన్ తెరిచి పనిలో కూర్చున్నాను.