కొసరుగా వచ్చిన మేకు

తక్కెడ మీద చెయ్యి పెట్టి చెప్తా ఉండాను... ఇది జరిగింది. కొట్లో కూర్చుంటే దినానికి పది అబద్ధాలు చెప్తాను, ఒప్పుకుంటా. తుప్పు పట్టిన గొళ్ళేన్ని "పాతకాలపు గట్టి సరుకు" అని అమ్మినోణ్ణి. మా నాయనది పొదటూరుపేటలో మళిగై అంగడి, పప్పూ బెల్లం అమ్మేది. నాది మణవాళనగర్‌లో ఇనుప సామాన్ల కొట్టు. అబద్ధమే మాకు పెట్టుబడి. అయితే ఈ కథలో నాకు లాభమేముండాది? పోయేదల్లా నా పరువే. వినండి.

పోయినేడు, వానలు నిలిచినాక. నా భార్య రేవతికి ఏడో నెల. అంతకు ముందు ఒకటి నిలవలేదు... ఐదో నెల్లోనే పోయింది. అందుకని ఈసారి డాక్టరమ్మ ఒకటే మాట చెప్పింది. "కదలిక చూసుకుంటా ఉండండి. ఆగిందనిపిస్తే ఏ టైమని చూడొద్దు, వచ్చేయండి." బిడ్డ దినమూ సాయంత్రం ఏడు కొట్టంగానే తన్నేది. నేను కొట్టు తెరిచే టైముకన్నా అదే ఖచ్చితం.

ఒక పొద్దు రేవతి అడిగింది. "బావా, కుక్కర్లో ఉడికింది వద్దు. నిప్పు మీద కాల్చిన మటన్ కావాల."

ఆ సాయంత్రం పొదటూరుపేటలో నాయన్ను చూసి బండి మీద తిరిగొస్తా ఉండాను. తిరుత్తణి దాటినాక రోడ్డు పక్కన ఒక అవ్వ మటన్ కొడతా ఉండాది. పొద్దు గుంకిపోయింది. ఆఖరి సరుకు, ముసలామె. ఇంక నా నోటికి సెలవుంటుందా? కడుపుతో ఉండే పెళ్ళానికని చెప్పి జాలి కూడా బేరంలో వేసినాను. ధర తగ్గించింది. తూకం వేసి, పొట్లం కట్టబోతా... మాంసం మీద ఒక బొగ్గు ముక్క, ఒక మేకు పెట్టింది.

"ఏందవ్వా, బొగ్గుకు కూడా మటన్ రేటేనా?"

"తూకం అయినాకనే పెట్టినాను సామీ. పొద్దుపోయినాక పచ్చి మాంసం ఉత్తగా ఎత్తుకొని పోకూడదు. గాలీ ధూళీ వెనకాలే వస్తాయి. అందులోనూ కడుపుతో ఉండే బిడ్డ ఉండాదంటివి."

"నాకేమిటికి మేకు? కిలోల లెక్కన అమ్ముతాను. దాని బదులు ఆ కార్జం ముక్క వెయ్యి, కొసరుకు."

అవ్వ బొగ్గు, మేకు తీసి మొద్దు మీద పెట్టింది. కార్జం ముక్క వేసింది. "బేరంలో నువ్వే గెలిచినావు పో," అనింది. నవ్వలేదు.

ఆ మేకును నేను బాగా చూసినాను. వృత్తి అట్లాంటిది. లాడం మేకు అది. ఎద్దు డెక్కలకు కొట్టేది. చదరపు తల, మొన దగ్గర వంకర. ఇప్పుడు ఎవరూ అమ్మరు. నా కొట్లో లేదు. దారంతా ఈల వేసుకుంటా వచ్చినాను... మేకిచ్చి కార్జం తెచ్చుకున్న మొనగాణ్ణి కదా.

మా పెరట్లో గుంట తవ్వి, చుట్టూ విరిగిన ఇటుకలు పేర్చినాను. పైన అమ్ముడుపోని కిటికీ గ్రిల్లు. సవుకు కట్టెలు బాగా పట్టుకున్నాయి. రేవతి గోడకు ఆనుకొని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోనుండాది. మా గోడ వెనక ఇళ్ళు లేవు. ఖాళీ ప్లాట్లు, సీమ తుమ్మ చెట్లు, ఆ వెనక రైలు కట్ట. అంతే.

ఇరవై రెండు ముక్కలు పేర్చినాను. కార్జాన్ని ఓరగా, పక్కన పెట్టినాను. కొవ్వు నిప్పులో పడి సుయ్... సుయ్... మంటా ఉండాది. విసనకర్ర కోసం లోపలికి పోయి వచ్చినాను. తిప్పుదామని చూస్తే... ఇరవై ఒకటి.

"ఆగలేకపోయినావా?" అన్నాను.

"నేనా? ఈ కుర్చీలోంచి లేయాలంటే నీ చెయ్యి కావాల నాకు. లెక్క తప్పినావులే, మొనగాడా."

నేను లెక్క తప్పను. పుట్టినప్పటినుంచి ఎంచతానే ఉండాను. సరే అని, ఉప్పు కోసం వంగి లేచినాను. ఇరవై.

అప్పుడు కరెంటు పోయింది.

నిప్పుల ఎర్ర వెలుగొకటే. మాంసం వాసనకు తోక ఊపుకుంటా వచ్చే వీధి కుక్క ఉండాది. యాడ అని చూస్తే... బండి కింద. నేలకు అతుక్కొని ఉండాది. మొరగడం లేదు.

గోడ ఆవల... చప్... చప్... నిదానంగా. పళ్ళూడిన మనిషి నమిలినట్ల.

"ఎవురది?" అన్నాను.

చప్పుడు ఆగింది.

అప్పుడే లోకల్ రైలు పోయింది. ఆ వెలుగులో గోడ పైభాగం అంతా తెల్లగా కనిపించింది, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా. ఏమీ లేదు. పిల్లి కూడా లేదు. రైలు పోయింది... చీకటి. మళ్ళీ... చప్... ఈసారి రేవతి తల వెనకాలే.

రేవతి రెండు చేతులూ కడుపు మీద పెట్టుకొని ఉండాది. "బావా... టైమెంత?"

"ఎనిమిదిన్నర."

"ఇంకా తన్నలేదు బావా." నా వైపు చూసింది. "ఏడునుంచీ... ఒక్కసారి కూడా."

ఆస్పత్రికి పోదాం లే, అని చెయ్యి పట్టి లేపినాను. ఆమె లేచింది. గోడ ఆవల కూడా... ఏదో లేచినట్ల సద్దు.

అప్పుడు నేనేం చేసినానో చెప్తే నవ్వుతారు. బేరమాడినాను. ఇంకేం వచ్చు నాకు? "ఒక ముక్క తీసుకో, పో," అని ఒకటి గోడ మీదుగా విసిరినాను. అవతల టప్ మని పడింది. ఎవరూ తీసుకోలేదు. ఇంకోటి విసిరినాను. టప్. రెండూ పడినాయి... రెండూ వద్దంట.

నా కన్ను కార్జం మీద పడింది.

వేళ్ళు కాలినా చూడలేదు. ఎత్తి విసిరినాను. చెవులు రిక్కించి నిలబడినాను. పడిన చప్పుడు కోసం...

రాలేదు.

గోడ ఆవల కార్జం నేలకు తగల్లేదు. గాలి లేదు. ఆకు కదల్లేదు. నిప్పులు చిటపట అనడం కూడా మానేసినట్లు అనిపించింది. రేవతి గోళ్ళు నా మణికట్టులో దిగినాయి.

టింగ్.

గ్రిల్లు మీద. తర్వాత సిమెంటు మీద... టిక్, టిక్, టిక్... దొర్లి ఆగింది. ఆ చప్పుడు ఏందో నాకెవరూ చెప్పనక్కరలేదు. దినమూ వింటాను. మేకు పడిన చప్పుడు.

"అబ్బా!" అనింది రేవతి, కడుపు పట్టుకొని. ఏడస్తా ఉండాదో నవ్వతా ఉండాదో తెలీలేదు. "తన్నింది బావా... మళ్ళీ..."

ఆ రాత్రే ఆస్పత్రికి పోయినాము. గుండె చప్పుడు బాగుండాది, నిద్రపోయి ఉంటుంది అన్నారు. అయ్యుండచ్చు. గ్రిల్లు మీద తగ్గిన రెండు ముక్కలూ ఏ పిల్లో ఎత్తుకొని పోయిండచ్చు. మేకు? అవ్వ పొట్లంలో రెండు వేసిందేమో, ఒకటి ముక్కకు అతుక్కుందేమో అనుకున్నాను. తెల్లారి చీపురు పెట్టి ఊడిస్తే దొరికింది. చదరపు తల. మొన దగ్గర వంకర.

అదే పట్టుకొని తిరుత్తణి పోయినాను. అవ్వ మటన్ కొడతా ఉండాది. మొద్దు అంచున బొగ్గు ముక్క, లాడం మేకు... ఆమె తీసి పెట్టిన చోటనే ఉండాయి.

"నువ్వు రెండు మేకులు పెట్టినావా అవ్వా?"

"నా దగ్గర ఉండేది ఒకటే సామీ. మా ఆయన లాడాలు కొట్టేటోడు. ఆయన మిగిల్చింది ఇదొకటే."

నా మేకును దాని పక్కన పెట్టినాను. అదే తల. అదే వంకర. అవ్వ కత్తి వెనకభాగంతో రెండిటినీ నా పక్కకు తోసింది. అవి దొర్లి కలిసిపోయినాయి. "మేకుల యాపారివి కదా. ఏది నాదో నువ్వే చెప్పు."

చూసినాను. తిప్పి తిప్పి చూసినాను. నా వల్ల కాలేదు.

"ఒకటి నువ్వెత్తుకో, ఒకటి నాకు," అనింది. ధర అడగలేదు నేను. ఒకటి ఎత్తుకొని వచ్చేసినాను.

ఆడబిడ్డ పుట్టింది. బాగుండాది. ఉయ్యాల తాడుకు ఆ మేకు కట్టి ఉండాది, రేవతి తీయనివ్వదు. అది అవ్వదేనో... గోడ ఆవలనుంచి వచ్చిందేనో... బిడ్డ నిద్దట్లో చెయ్యి చాపి దాన్ని పట్టుకున్నప్పుడల్లా దగ్గరికి పోయి చూస్తాను. ఇప్పటికీ చెప్పలేను.