గంజి పెట్టిన ఎర్ర దారాలు

ఆదోని దగ్గరి కొండ మీద ఎలుకల్ని పట్టే సర్వేలో నాకు పని దొరికిందని తెలిసి ఎమ్మిగనూరులో మా వీధి మూడు రోజులు నవ్వింది. నాలుగో రోజు పక్కింటాయన వాళ్ల బియ్యం బస్తాల దగ్గరికి కూడా ఒకసారి వచ్చిపొమ్మన్నాడు.

సాయంత్రం బండల సందుల్లో నలభై రేకు పెట్టెలు పెట్టాలి. లోపల బుడ్డల పొడి, అంటే వేరుశెనగ పొడి, బెల్లం. ఎలుక దూరగానే తలుపు పడుతుంది. తెల్లవారగానే తీసి బరువు, తోక పొడవు రాసుకుని, గుర్తుకు తొడ మీద కాస్త బొచ్చు కత్తిరించి, పట్టిన చోటే వదలాలి. ఎండెక్కితే రేకు పెట్టె పెనమవుతుంది. ఆలోపే అన్నీ తెరవాలన్నది సర్వే నడిపే మేడమ్ పెట్టిన ఒకే ఒక్క నియమం.

పెట్టె ఎక్కడుందో తెలియడానికి పక్క పొదకు ప్లాస్టిక్ రిబ్బన్ కట్టేవాళ్లు. అది గాలికి ఊడి కొండంతా చెత్త. మాది మగ్గాల ఇల్లు. పడుగులో మిగిలిన ఎర్ర నూలు పోగులు తెచ్చి కడదామన్నాను. మేడమ్ మెచ్చుకున్నారు. నా ఆలోచనను ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. అప్పుడే అనుమానించాల్సింది.

మూడో రోజు ఉదయం పెట్టెలు ముప్పై తొమ్మిదే దొరికాయి. చాలా పొదలకు దారం లేదు. లేనిది ఇరవై మూడో నంబరు. ముందు రోజు అందులో పడింది పాలిచ్చే తల్లి. బుడ్డల పొడి రుచి మరిగిన ఎలుక మళ్లీ అదే పెట్టెలో పడుతుంది. రోజూ పెట్టెల్ని నాలుగడుగులు జరుపుతాం. దాన్ని జరిపింది నేనే. ఏ బండ పక్కనో గుర్తులేదు. ఆ కొండకు బండల కొరత లేదు.

ఎండ భుజం మీదికొచ్చింది. మేకలు తోలుకుంటూ ఒక అవ్వ ఎదురైంది.

“అవ్వా, ఈడ పొదలకు ఎర్ర దారాలు ఉండె, సూసినావా?”

“మా మ్యాకలు తినేసినాయప్పా. నిన్న మాపటేళే ఈ పక్కకు తోలుకొచ్చినా. గంజి పెట్టిన నూలు, ఇడుస్తాయా?”

పడుగుకు గంజి పెడతారని నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. మేకలకు ఒక్క సాయంత్రంలో తెలిసింది.

సంగతి విని అవ్వ చెయ్యి చాపింది. “ఆ నల్లది సూడు, పొద్దున్నుంచీ ఆ పొదను ఇడిసిపెట్టల్యా.”

మేక ఇంకా ముడిని పీకుతోంది. దాని కాళ్ల దగ్గర, బండ పక్కన, పెట్టె. ముట్టుకుంటే చెయ్యి కాలింది. తెరిస్తే లోపల అదే తల్లి, ఎడమ తొడ మీద నిన్న నేను కత్తిరించిన గుర్తు. వేడికి చొంగ కారి నోటి కింద బొచ్చంతా తడి. నా వెనకే వచ్చిన మేడమ్ దాన్ని గుడ్డలోకి తీసుకుని నీడలో కూర్చుని నీటి చుక్కలు పట్టారు. నేను ఏదో అనబోయాను. ఆమె తలెత్తి చూశారు. ఖాళీ పెట్టెను నీడలోకి జరిపాను.

చాలాసేపటికి అది లేచి, తూలుతూ రాళ్ల సందులోకి పోయింది. పిల్లలున్న చోటిదాకా పోగలిగిందో లేదో తెలియదు. రేపటి నుంచి ఈ వాలులో పెట్టెలు వద్దన్నారు మేడమ్, దాన్ని ఇంక కదపకూడదని. కాబట్టి ఇక తెలిసే దారీ లేదు.

పుస్తకంలో ‘వదిలినప్పుడు ఎలా ఉంది’ అనే గడి ఉంటుంది. అప్పటిదాకా అన్నిటికీ ‘బాగుంది’ అని రాశాను. దీనికి ‘నడిచింది’ అని రాశాను.

“బతుకుతాదా అప్పా?” అంది అవ్వ.

“ఏమో అవ్వా” అని, మిగిలిన పొదల దారాలు విప్పడానికి లేచాను. మేకలు నా వెనకే వచ్చాయి.