చిలమత్తూరుకు ఎక్కువైన ఒక హెచ్

ఈ రోజు పొద్దున లక్ష్మక్కతో కలిసి హిందూపురంలో మా బ్యాంకుకు వెళ్లాను. చిలమత్తూరు పేరుతో మా ఊరి ఆడవాళ్లం నడుపుకునే చింతపండు కంపెనీకి ఆమె అధ్యక్షురాలు, నేను లెక్కలు చూస్తాను. మొదటిసారి ఒక విదేశీ వ్యాపారి సరుకు అడిగాడు. అడ్వాన్సు పంపాలంటే ఎల్‌ఈఐ ఉండాలన్నాడు. మనుషులకు ఆధార్ ఎలాగో, కంపెనీలకు ప్రపంచమంతా చెల్లే ఆ నంబరు అలాగ. ఫీజు కట్టి తెచ్చుకున్నాం. అయినా అడ్వాన్సు మా ఖాతాలో పడలేదు.

ఎందుకంటే ఆ నంబరు రికార్డులో చిలమత్తూరుకు ఇంగ్లీషులో ఒక హెచ్ ఎక్కువ ఉంది, బ్యాంకు ఖాతాలో అది లేదు.

"ఇకమీదట దేశాలు దాటే డబ్బుకు ఈ నంబరే ఆధారం మేడమ్. పేర్లతో పనుండదు," అన్నారు మేనేజరు.

"పేరుతో పని లేదంటాండారు, మళ్లా ఒక్క అక్షరానికి మమ్మల్ని ఎందుకు నిలబెట్టినారు సార్?" అంది లక్ష్మక్క.

ఆయన సవరణకు దరఖాస్తు పెట్టుకోమన్నారు.

సాయంత్రం వ్యాపారి మెయిల్ వచ్చింది. కాగితాలన్నీ సరిగ్గా ఉన్న ఇంకో కంపెనీ దగ్గర కొనేశాడట. షెడ్డులో మావాళ్లు ఇంకా గింజలు తీస్తూనే ఉన్నారు. లక్ష్మక్క గుమ్మంలోకి వచ్చింది.

"చాలు, చేతులు కడుక్కోండమ్మా. సంతలో అమ్ముకుందాం," అంది.

చేతులు కడుక్కుని ఒక్కొక్కరే ఇంటికి బయలుదేరారు. అది చూడడమే నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

మోసగాళ్లను పట్టుకోవడానికి తెచ్చిన నంబరట. ముందుగా మమ్మల్ని పట్టుకుంది. మీ ఊరి పేరు ఏ కాగితంలో ఎలా ఉందో ఒకసారి చూసుకుని కింద కామెంట్లలో రాయండి. మాకు తోడు ఎంతమంది ఉన్నారో తెలుస్తుంది.