మామిడి రోజుల్లో పెన్సిలిన్

1982 వానాకాలంలో నన్ను ఆగిరిపల్లి వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. హోదా విని పెద్ద ఆపరేషన్లు చేశాననుకునేరు. ప్రభుత్వ వైద్యంలో అది తొలి మెట్టు. జలుబు నుంచి పాముకాటు దాకా అన్నీ మన నెత్తినే. చుట్టూ మామిడి తోటలు, మధ్యలో రెండు గదుల పెంకుటింట్లో మా ఆసుపత్రి.

ఆ చలికాలంలో నాగరత్నం అనే తోట కూలి తన తొమ్మిదేళ్ళ కూతురు మంగను చంకనేసుకుని వచ్చింది. పిల్లకు ముందు గొంతునొప్పి వచ్చి పోయిందట. తర్వాత మోకాలు వాచింది, అది తగ్గితే మణికట్టు వాచింది, ఇప్పుడు నాలుగడుగులేస్తే ఆయాసం. స్టెతస్కోపు పెడితే గుండె చప్పుళ్ళ మధ్య ఊదినట్టు ఇంకో శబ్దం వినిపించింది. కీళ్ళవాతం జ్వరం గుండెకు పాకింది. బెజవాడ పెద్దాసుపత్రికి పంపాను. వాళ్ళు వాపు తగ్గించి, పెద్దదయ్యేదాకా మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇవ్వమని రాసి తిప్పి పంపారు.

ఆ ఇంజెక్షన్ జబ్బును తగ్గించడానికి కాదు, మళ్ళీ రాకుండా కాయడానికి. వచ్చిన ప్రతిసారీ గుండె కవాటాలు మరికాస్త పాడవుతాయి. ఆ మందు కొందరికి పడదు, అందుకని ముందు చర్మంలోకి చుక్కంత మందెక్కించి, పడుతుందో లేదో అరగంట చూసి, అప్పుడు తుంటికి లోతుగా ఇచ్చేదాన్ని. వెల్లసున్నంలా చిక్కటి మందు. చెయ్యి తడబడితే సూదిలోనే గడ్డకడుతుంది. నా చెయ్యి తడబడేది కాదని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను. గుండెకు పట్టిన వాపు రక్తనాళాల గోడల్నీ తాకవచ్చని, ఆ సంగతి ఏళ్ళ తర్వాత బయటపడవచ్చని మా ప్రొఫెసరుగారు చెప్పేవారు. అందుకే వచ్చినప్పుడల్లా మంగకు రెండు చేతుల్లో, రెండు పాదాల్లో నాడి చూసి, బీపీ కూడా చూసేదాన్ని. చేతికి పట్టీ చుట్టి గాలి కొడుతుంటే కితకితలని నవ్వేది.

చలికాలమంతా తప్పకుండా వచ్చారు. మామిడి కోతలు మొదలవగానే మానేశారు.

ఒక వాయిదా తప్పితే సర్దుకున్నాను. రెండోదీ తప్పాక నేనే తోటకు బయల్దేరాను. కోతల రోజుల్లో కూలీల కుటుంబాలు తోటల్లోనే పాకలు వేసుకుని ఉంటాయి. మంగ పాక ముందు కూర్చుని రసం పండు చీకుతోంది. మింగినప్పుడల్లా మొహం చిట్లిస్తోంది. నోరు తెరిపించి చూస్తే గొంతు ఎర్రగా ఉంది. పోయినసారి జబ్బు మొదలైందీ గొంతునొప్పితోనే.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఒంటికాలి మీద లేచాను.

నాగరత్నం బెదరలేదు. “తిట్టండి డాక్టరమ్మగారూ, పడతాను. కానీ ఇయ్యి పళ్ళ రోజులండీ. పొద్దున్నా పండే, రాత్రీ పండే, పిల్లని ఎలా ఆపను? అసలే పండు వేడి. ఆ సూది ఇంకా వేడి. రెండూ పడితే పిల్ల తట్టుకుంటదా? తొలకరి పడ్డాక తీసుకొస్తాలెండి.”

సూది మీద ఆమెకు అపనమ్మకం లేదు. పండుకూ సూదికీ పడదనుకుని, ఆపగలిగినదాన్ని ఆపింది. వేడి అనేది లేదని నేనెంత వాదించినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. పైగా ఆ మాట మా ఇంట్లోనే చెల్లదు, మా అత్తగారు ఒప్పుకోరు. చుట్టూ చూస్తే, పాక పక్కన బక్కెట్టు నీళ్ళలో పళ్ళు తేలుతున్నాయి.

“అవెందుకు నానేశావు?” అన్నాను.

“వేడి లాగుద్దని. మీరు నానెయ్యరేంటి?”

“నేనూ నానేస్తాను. పండు వేడికి నీళ్ళున్నాయి కదా, సూది వేడికి మజ్జిగ లేదా? ఉప్పు తగ్గించి చెంబుడు పల్చటి మజ్జిగ తెచ్చుకో. సూదికి ముందు సగం, తర్వాత సగం. పండు మానొద్దు, సూదీ మానొద్దు.”

మజ్జిగకూ పెన్సిలిన్‌కూ ఏ సంబంధమూ లేదు. ఎండన పడి వచ్చే పిల్లకు మజ్జిగ చెరుపూ కాదు. నాగరత్నం “ఈ ముక్క ముందే చెప్తే నేనెందుకు మానిపిస్తానండీ?” అని నన్నే దెప్పింది. ఆ మధ్యాహ్నమే కాయలు తీసుకెళ్ళే ట్రాక్టరెక్కి తల్లీ కూతుళ్ళు మజ్జిగ చెంబుతో ఆసుపత్రి ముందు దిగారు. గొంతుకు కూడా ఆ మందే మందు. కీళ్ళు మళ్ళీ వాస్తాయేమోనని నెల రోజులు బిక్కుబిక్కుమంటూ గడిపాను. వాయలేదు.

ఆ తర్వాత ఏ వేసవిలోనూ వాయిదా తప్పలేదు. అదే జబ్బున్న పిల్లల్ని విస్సన్నపేట వైపు నుంచి తెచ్చే తల్లులు కూడా, నేను చెప్పకుండానే, మజ్జిగ చెంబులతో వచ్చేవారు. ఆసుపత్రో చలివేంద్రమో తెలియడం లేదని మా కాంపౌండరు ఎగతాళి చేసేవాడు.

1989లో నాకు బదిలీ అయింది. బస్సు దగ్గరికి మంగ వచ్చింది. నేను వద్దంటున్నా వినకుండా నా పుస్తకాల పెట్టె నెత్తికెత్తుకుని, నిచ్చెనెక్కి, బస్సు టాపు మీద పెట్టి దిగింది. నేను థాంక్స్ చెప్పలేదు. గబుక్కున మణికట్టు పట్టుకున్నాను. నాడి కాస్త వేగంగా మొదలై, నేను చూస్తుండగానే నెమ్మదించింది. ఆయాసం లేదు. నా ఉద్యోగంలో నాకు వచ్చిన ప్రమోషన్లన్నీ ఆ నాడి ముందు దిగదుడుపే.

“ఇంకా చూస్తున్నారేంటండీ? బస్సెళ్ళిపోద్ది,” అంది మంగ.

రోగి మందు మానేస్తే తిట్టే ముందు ఎందుకు మానేశావని అడగాలి. ఇది నాకు ఏ మెడికల్ కాలేజీలోనూ చెప్పలేదు. తర్వాత నా దగ్గర పనిచేసిన కుర్ర డాక్టర్లకు మొదటి రోజే చెప్పాను. పనిలో పనిగా మజ్జిగ సంగతి కూడా.