పలక మీద గీయని బొత్తాలు

మా మనవరాలు కొత్త టేప్ రికార్డర్ కొనుక్కుంది. పొద్దుటి నుంచి దాని బొత్తాలతోనే కాలక్షేపం. ఒకటి నొక్కితే టక్కుమని లోపలికి దిగుతుంది, అంతకు ముందు దిగి ఉన్నది టక్కుమని పైకి లేస్తుంది. పక్క గదిలో పేపరు చదువుకుంటున్న నాకు ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది. "తాతా, పాట బొత్తం, వెనక్కి తిప్పే బొత్తం రెండూ కలిపి నొక్కితే దిగట్లేదేం?" అని అక్కణ్ణించే అరిచింది. పాడైందేమోనని దాని భయం. పాడవలేదమ్మా, పాడవకూడదనే అలా చేశారు అన్నాను. పేపరు పక్కన పెట్టేశాను. ఆ ప్రశ్న నన్ను నలభై ఏళ్లు వెనక్కి తీసుకుపోయి హబీబ్ సాహెబ్ ముందు నిలబెట్టింది.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా సాగుతున్న రోజులవి. మా సంస్థానంలో పేటెంట్ల దఫ్తరని, అంటే ఆఫీసని, ఒకటి ఉండేదంటే ఇప్పుడు నమ్మేవాళ్లు తక్కువ. ఒక పాత హవేలీలో నాలుగు గదులు, ఆరుగురు మనుషులు. ఎవరైనా ఒక కొత్త వస్తువు కనిపెడితే కొన్నేళ్ల దాకా దాన్ని ఆ మనిషి తప్ప ఇంకొకరు చేసి అమ్మకూడదని సర్కారు హక్కు ఇచ్చేది. వచ్చిన దరఖాస్తులో వస్తువు నిజంగా కొత్తదేనా, లోకంలో ఎక్కడైనా ముందే ఉందా అని తేల్చడం మా పని. తేల్చే అధికారి హబీబ్ సాహెబ్. నేను ఆయన సహాయకుణ్ణి. సైన్సు డిగ్రీ, పెళ్లి, ఇరవై ఆరేళ్ల వయసు, వీటితోపాటు నాకంతా తెలుసన్న ధీమా కూడా ఉండేది.

సాహెబ్ మొఘల్‌పురాలో పుట్టి పెరిగిన మనిషి. ఉర్దూ ఎంత దర్జాగా మాట్లాడేవారో మేముండే లాల్‌దర్వాజా తెలుగు అంత చనువుగా మాట్లాడేవారు. షేర్వాణీ కుడి జేబు ఎప్పుడూ సుద్దపొడితో తెల్లగా ఉండేది. కోపం ముక్కు మీదే. చేరిన మొదటి రోజే నాకది తగిలింది. ఎవరో కొత్తరకం తలుపు గడియకు దరఖాస్తు పెట్టి, నమూనాను గుడ్డలో మూటకట్టి పంపారు. ఉత్సాహం ఆపుకోలేక మూట ముడి విప్పబోయాను.

"చెయ్యి తియ్యి! ఎవరు ఇప్పుమన్నరు?"

"చూడకుంటె ఎట్ల తెలుస్తది సాబ్?"

"చదివితె తెలుస్తది. నువ్వు చదువు, నేను గీస్త. నా గీత ఎక్కడ ఆగితె అక్కడ కాయిదంల మాట తక్కువున్నట్టు."

అని జేబులోంచి సుద్దముక్క తీసి, బల్ల మీద ఉన్న పెద్ద పలకను ముందుకు లాక్కున్నారు. ఆ దఫ్తరులో రివాజు అదే. దరఖాస్తు పైకి చదవాలి. విన్న మాటలను బట్టి మాత్రమే ఆయన పలక మీద బొమ్మ గీయాలి. బొమ్మ పూర్తయ్యాకే మూట విప్పాలి. వస్తువును ముందే చూస్తే కళ్లు ఆ కాగితాన్ని చదవనివ్వవని ఆయన నమ్మకం. "హక్కు ఇచ్చేది వస్తువుకు కాదు మియా, రాసిన మాటకు" అనేవారు. మొదట్లో ఇదంతా చాదస్తమనిపించింది. పలక మీద ఓ వంద బొమ్మలు చూశాక, ఆ సుద్దముక్క ఆగిన చోటల్లా ఏదో మెలిక ఉండి తీరుతుందని ఒప్పుకోక తప్పలేదు.

ఆ ఏడాదే యాదగిరి దరఖాస్తు వచ్చింది. యాదగిరి మా గల్లీవాడే, మా ఇంటికి మూడో ఇల్లు. హార్మోనియంలు బాగుచేసేవాడు. రేడియోలు వచ్చాక అవి కూడా పట్టాడు. ముల్లు తిప్పుకుంటూ స్టేషను వెతుక్కునే బాధ లేకుండా ఒక హోటలు రేడియోకు అయిదు బొత్తాలు అమర్చాడు, స్టేషనుకొకటి. హోటలంటే తెలిసిందే. చాయ్ తాగే ఇద్దరికి రెండు రకాల పాటలు కావాలి. ఇద్దరూ పోటీపడి రెండు బొత్తాలు ఒక్కసారే నొక్కేవారు, లోపల స్టేషను ముల్లును తిప్పే దారం పుటుక్కుమనేది. వారానికోసారి యాదగిరి వెళ్లి అతికేవాడు. చివరికి ఒళ్లు మండి, రెండు బొత్తాలు కలిపి నొక్కినా ఒకటే దిగేలా ఏదో చేశాడు. దానికే హక్కు అడిగాడు.

సాహెబ్ అప్పుడు జ్వరంతో రెండు వారాలు సెలవులో ఉన్నారు. దరఖాస్తు నా బల్ల మీదికి వచ్చింది. పక్క బల్ల గుమాస్తా ఊరుకోకుండా, "మీ గల్లీ మనిషే కద! ఇగ ఫికరేంది ఆయనకు" అన్నాడు. తమాషాకే అన్నాడు, నాకు మాత్రం గుచ్చుకుంది. పక్షపాతి అనిపించుకోకూడదన్న పట్టుదలలో న్యాయం ఒకటుందన్న సంగతి మరిచాను. ఒక విదేశీ కేటలాగులో బొత్తాల రేడియో బొమ్మ కనిపించింది. ఇంకేం కావాలి? సాహెబ్ లేనప్పుడు నేనే గీయాల్సిన పలకను ముట్టుకోలేదు. "ఇది ఇంతకు ముందే ఉన్నది, నెలలోగా జవాబు ఇవ్వకపోతే దరఖాస్తు కొట్టివేయబడును" అని ఆక్షేపణ రాసేశాను. సాహెబ్ సెలవు నుంచి రాగానే కాగితం ముందు పెట్టాను. "పలక చూసుకున్నవా?" అని కూడా అడగలేదాయన. అడిగే అవసరం లేదనుకున్నారు. సంతకం పెట్టారు. నమూనా మూట, ఉత్తరం రెండూ యాదగిరికి తిరిగి వెళ్లాయి.

ఆ తరవాత ఒక పెద్ద రేడియో దుకాణం తాలూకు మనిషి దఫ్తరు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. వారం వారం వచ్చి, యాదగిరి జవాబిచ్చాడా, దరఖాస్తు పోయిందా అని వాకబు. మూడోసారి వచ్చినప్పుడు సాహెబ్ ఉన్నారు. అతణ్ణి పంపించేసి నన్ను పిలిచారు.

"బాలయ్యా, ఆ బొత్తాలు లోకంల ముందే ఉన్నయని రాసినవ్ గద?"

"అవును సాబ్."

"ఉన్నయంటె ఈయన ఇయ్యాలనే చేసి అమ్ముకోవచ్చు. ఎవరడ్డం? మరి అది సచ్చేదాంక ఎందుకు కాసుకోని కూసున్నడు?"

అంటే ఆ బొత్తాలు నిజంగా కొత్తవే. దుకాణం వాడికి అర్థమైన సంగతి పరీక్షించిన నాకు అర్థం కాలేదు. "పలక ఏది?" అన్నారు. గీయలేదని చెప్పాను. కోపంతో అరుస్తారనుకున్నాను, అరవలేదు. అరిచినా బాగుండేది. దరఖాస్తు నకలు తెమ్మని పలక దగ్గరికి లాక్కున్నారు.

నేను చదివాను, ఆయన గీశారు. బొత్తాల కింద ఒక గాడి. గాడి నిండా సైకిల్ చక్రంలో ఉండే ఉక్కు గుండ్లు. నేను చూసిన కేటలాగులో పై బొత్తాలే తప్ప లోపలేముందో ఒక్క గీత లేదు. గాడి దగ్గర సుద్దముక్క ఆగిపోయింది. గుండ్ల నడుమ ఎంత సందు వదలాలో యాదగిరి రాయలేదు. ఉన్న కీలకమంతా అక్కడే అని సాహెబ్ పట్టేశారు. గడువు చూస్తే ఇంకా రెండు రోజులే. ఉత్తరం వెళ్లి జవాబు వచ్చేసరికి అది తీరిపోతుంది. తీరితే యాదగిరి కష్టం దుకాణం పాలు.

ఆ మధ్యాహ్నమే నన్ను వెంటబెట్టుకుని లాల్‌దర్వాజాకు బయల్దేరారు. దరఖాస్తుదారు గడప తొక్కకూడదని ఆయన తనకు తాను పెట్టుకున్న నియమం. అందుకని గల్లీలో, ఎండలో, వాకిలి మెట్టు కిందే నిలబడ్డారు. అంత పెద్ద అధికారి ఇంటి ముందుకు రావడంతో యాదగిరి కంగారుగా బయటికి వచ్చాడు.

"లోపలికి రాండ్రి సాబ్."

"రాను. మా ఉత్తరానికి జవాబేది?"

"సర్కారే లేదన్నంక నేనేం జవాబిస్త సాబ్? నమూనా ఇప్పేసిన. గుండ్లు సైకిల్ దుకాణంల తిరిగిచ్చిన." మాటైతే మామూలుగానే అన్నాడు, కళ్లల్లో మాత్రం నీళ్లు తిరిగాయి. నేను తల దించుకున్నాను. ఇన్నాళ్లూ పొద్దున్నే ఎదురైతే నవ్వుతూ పలకరించే మనిషి ఈ నెలంతా తల తిప్పుకుని ఎందుకు పోతున్నాడో అప్పుడు తెలిసింది.

"నేను నీకు చెప్పియ్యరాదు. అడగొచ్చు. ఆ గుండ్ల నడుమ సందెంత?" అన్నారు సాహెబ్.

యాదగిరి లోపలికి పరుగెత్తాడు. గాడి ఉన్న హార్మోనియం చెక్క ఒకటి, గుప్పెడు చింతగింజలు పట్టుకొచ్చాడు. గింజలను గాడిలో వరసగా పేర్చి, ఒక్క వేలు పట్టేంత జాగా మాత్రం వదిలాడు. "వేలు పెట్టుండ్రి సాబ్" అన్నాడు. సాహెబ్ వేలు దిగింది. గింజలన్నీ జరిగి బిగుసుకున్నాయి. రెండో వేలు ఎక్కడ పెట్టినా దిగలేదు. అయిదు చోట్ల ప్రయత్నించి ఆయన గట్టిగా నవ్వారు. అంత నవ్వు ఆయన దగ్గర ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఒక్క బొత్తానికే జాగ. గంతేనా?"

"గంతే సాబ్."

"ఈ మాటే కాయిదం మీద రాయి. రేపు పొద్దుగాల నువ్వే తెచ్చియ్యి."

తెచ్చిచ్చాడు. హక్కు వచ్చింది. ఆ దుకాణం యజమాని మా గల్లీకి వచ్చి, యాదగిరి అరుగు మీద కూర్చుని, బొత్తాలు చేసుకునేందుకు ఒప్పుకోమని బతిమాలడం గల్లీ అంతా చూసింది. నేనూ చూశాను. సంతోషమే, సిగ్గూ అంతే.

ఫైలులో మాత్రం సాహెబ్ తన చేత్తో ఒక మాట చేర్చారు: "పలక గీయకుండా సంతకం పెట్టాను. మొదటి ఆక్షేపణ తప్పు. తప్పు నాది." పైవాళ్లు చూశారు. ఆ ఏడాది ఆయనకు రావలసిన పెద్ద పదవి ఆయన కింద పనిచేసినవాడికి వెళ్లింది. ఉండబట్టలేక అడిగాను, తప్పు నాదైతే మీ పేరెందుకు రాసుకున్నారని.

"సంతకం ఎవరిది?"

"మీదే సాబ్."

"మరింకేంది లొల్లి? పలక తియ్యి, చదువు."

కొన్నాళ్లకు ఆయన రిటైరై మొఘల్‌పురా ఇంట్లోనే ఉండిపోయారు. ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. పలక ఎప్పుడూ మానలేదు. తప్పు జరిగిందని తెలిసిన రెండు సార్లు ఫైలులో నా చేత్తో ఒప్పుకున్నాను. సాహెబ్ నాకిచ్చిందేమిటని ఎవరైనా అడిగితే ఈ రెండు కాగితాలూ చూపించగలను.

మూడోసారి రాయలేదు. లాంతర్లు చేసే ఒకతని దరఖాస్తు కొట్టేశాక నా పొరపాటు కనిపించింది. గడువు అప్పటికే దాటింది. పైవాళ్ల తనిఖీ వారంలో ఉంది, నా ప్రమోషను దాని మీదే ఉంది. ఫైలుకు తాడు కట్టి అలమారాలో పెట్టేశాను. అతను మళ్లీ రాలేదు, అడగలేదు. ఆ నెల్లోనే రంజాన్ పండుగకు సాహెబ్‌ను చూడ్డానికి వెళ్లాను. బాగా చిక్కిపోయారు. నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"దఫ్తర్ల అంత మంచిగనే నడుస్తుందా బాలయ్యా?"

"మంచిగనే నడుస్తుంది సాబ్" అన్నాను.

ఆయన తృప్తిగా తల ఊపారు.